ఒక్క మోకు మీద మిషన్ పట్టొద్దు

ప్రశ్న: అన్నా, మాది మునుగోడు దిక్కు పల్లె. తాతల నుంచి గీత పని. నేను కూడా పదిహేనేళ్లు తాటిచెట్లు ఎక్కిన, ఒక్కసారి పడలే. ఇప్పుడు కల్లు పని తక్కువైంది. చింతలు, వేపలు కొమ్మలు కొట్టే పనికి పోతున్న. పోయినేడు చెట్లు కోసే మిషన్ కొన్న, 58 సీసీ, 22 అంగుళాల బార్. మోకు (చెట్టు చుట్టూ తిప్పే తాడు), ముస్తాదు (నడుముకు కట్టే గీత సామాను) కట్టుకొని ఎక్కి, ఎడమ చేత్తో కొమ్మ పట్టుకొని కుడిచేత్తో కోస్త. మొన్న నార్కట్‌పల్లి కాడ ఒక చింత మీద మిషన్ కిక్ కొట్టి ఎగిరింది. నాకేం కాలే గని మోకు మీద గీత పడ్డది. అప్పటి నుంచి ఇంట్ల ఆమె పోవద్దంటుంది. ఈ పని మానాల్నా? జాగ్రత్తగ చెయ్యాల్నంటే ఏమేం అలవాటు చేసుకోవాలె? బ్యాటరీ మిషన్ మంచిదంటున్నరు, నిజమేనా?

జవాబు:

తమ్మీ, ముందుగా ఒక పని చెయ్. గీత పడ్డ ఆ మోకును ముక్కలుగా నరికి పారెయ్. పక్కన పెడితే రేపు అవసరానికి ఎవరో ఒకరు తీసి కట్టుకుంటారు. పైకి గీతే కనిపిస్తుంది, లోపల ఎన్ని పోగులు తెగాయో తెలియదు. తాటిచెట్టుకు కూడా దాన్ని వాడొద్దు.

పని మానక్కర్లేదు. కానీ ఇప్పుడు చేస్తున్న పద్ధతిలో మాత్రం ఇంకొక్క చెట్టు కూడా ఎక్కొద్దు. ఇంట్లో ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు.

పదిహేనేళ్లు తాటిచెట్లు ఎక్కినవాడికి ఎత్తంటే బెదురు ఉండదు, కాళ్లలో పట్టు ఉంటుంది, గాలి ఎటు తోస్తుందో ఒంటికే తెలుస్తుంది. ఇవి డబ్బు పెట్టినా రావు. చిక్కంతా చేతుల దగ్గర వస్తోంది. తాటికి కొమ్మలుండవు. మోకు మొద్దు చుట్టూ ఉంటుంది, వెనక్కి వాలితే బరువు దాని మీద పడుతుంది, ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో గీస్తావు. చెయ్యి ఆగితే కత్తి ఆగుతుంది. మిషన్ అట్లా కాదు. ఎక్సలేటర్ వదిలాక కూడా చైన్ కాసేపు తిరుగుతూనే ఉంటుంది. పైగా కత్తికి నువ్వు బలం ఇస్తావు, మిషన్‌కు దాని బలం దానికే ఉంది. ఆ బలాన్ని నువ్వు అదుపులో పెట్టాలి, అది ఒంటి చేత్తో అయ్యే పని కాదు.

నీకు కిక్ ఎందుకు కొట్టిందో చెప్తాను. బార్ ముక్కును అడ్డంగా రెండు సగాలు అనుకో. అందులో పై సగం చెక్కకు తగిలిందంటే, చైన్ ఆ చెక్కను కొరకలేక అక్కడే పట్టు దొరికించుకుని బార్‌ను పైకి, వెనక్కి, అంటే నీ ముఖం వైపు విసురుతుంది. ఫుల్ రేస్‌లో చైన్ సెకనుకు దాదాపు 20 మీటర్ల వేగంతో తిరుగుతుంది. హైదరాబాద్ రోడ్డు మీద బస్సు పోయే వేగం అది. ఆ విసురు సెకనులో పదో వంతులో అయిపోతుంది, నువ్వు తల తిప్పుకునే టైమ్ ఉండదు. చింతలో కొమ్మలు గుబురుగా ఉంటాయి. నువ్వు కోసే కొమ్మ ఎదురుగానే కనిపిస్తుంది, దాని వెనక ఉన్న కొమ్మ కనపడదు. 22 అంగుళాల బార్ అవతలికి పొడుచుకు పోయి ఆ రెండో కొమ్మకు ముక్కు తగిలించి ఉంటుంది. నూటికి తొంభై పాళ్లు నీ దగ్గర జరిగింది ఇదే.

అందుకే రెండు చేతులు. కుడిచెయ్యి ఎక్సలేటర్ దగ్గర, ఎడమ చెయ్యి ముందు హ్యాండిల్ మీద. ఎడమ బొటనవేలు హ్యాండిల్ కింది నుంచి చుట్టుకుని ఉండాలి. చాలామంది బొటనవేలును కూడా మిగతా వేళ్లతో పాటు పైనే పెడతారు. అప్పుడు కిక్ కొట్టగానే హ్యాండిల్ చేతిలోంచి జారిపోతుంది. వేలు చుట్టి ఉంటే మిషన్ ఎగిరినా హ్యాండిల్ చేతిలోనే ఉంటుంది, ముందున్న గార్డు మణికట్టుకు తగిలి చైన్ బ్రేక్ పడుతుంది. ఎడమ మోచెయ్యి బాగా వంచకుండా చాచినట్టు పెట్టుకో. బార్ ఏ గీత మీద నడుస్తుందో ఆ గీతలో నీ మెడ, తల ఉండకుండా కాస్త పక్కకు కూర్చో. భుజం కన్నా ఎత్తులో ఎప్పుడూ కోయొద్దు. కొమ్మ అందకపోతే నువ్వు పైకి జరుగు, మిషన్‌ను పైకి ఎత్తకు.

ఇంత చెప్పినా నువ్వు ఒంటి చేత్తోనే కోస్తావు. ఎందుకో నాకు తెలుసు. ఒళ్లు నిలకడగా లేనప్పుడు ఎడమ చెయ్యి దానంతట అదే కొమ్మను వెతుక్కుంటుంది. నిన్ను పట్టుకోవాల్సింది తాడు, ఆ పని తాడు చేయక నీ చెయ్యి చేస్తోంది. కాబట్టి అలవాటు మార్చుకోవాలంటే మొదట మార్చాల్సింది నువ్వు కట్టుకునే తీరు.

మిషన్ పట్టుకునే ప్రతిసారీ నీకు రెండు కట్లు ఉండాలి, రెండూ వేరువేరు చోట్ల. ఒకటి పెద్ద తాడు: నువ్వు కోసే చోటుకన్నా బాగా పైన, గట్టి పంగలో నుంచి వేసి, నడుముకే కాకుండా తొడలకు కూడా బెల్టులున్న హార్నెస్‌కు తగిలించాలి. రెండోది పొట్టి తాడు: మోకు లాగా మొద్దు చుట్టూ తిప్పి నడుము రెండు పక్కలా కట్టుకునేది. పెద్ద తాడు నిన్ను పడనియ్యదు, పొట్టి తాడు నిన్ను కదలనియ్యదు. రెండూ బిగుతుగా ఉంటే వెనక్కి వాలి రెండు చేతులూ వదిలి చూడు. ఒళ్లు ఊగకపోతే అప్పుడు మిషన్ అందుకో. ఊగితే కట్టు మార్చు. ఈ పరీక్ష ప్రతి కోతకూ ముందు చెయ్యి, చెట్టుకు ఒకసారి చేసి ఊరుకోకు.

పొట్టి తాడుకు లోపల ఉక్కు తీగ ఉన్నది దొరుకుతుంది. మామూలు తాడుకన్నా కాస్త ఆగుతుంది, అంతే. దానికీ చైన్ నేరుగా తగిలితే తెగుతుంది. కరెంటు తీగల దగ్గర మాత్రం ఆ ఉక్కు తాడు వాడొద్దు. 2024లో ప్రభుత్వం మొదలుపెట్టిన కాటమయ్య రక్షక కవచం కిట్టు నీకు వచ్చి ఉంటే, అది తాటి, ఈత చెట్ల కోసం చేసింది. పడకుండా ఆపుతుంది గానీ చైన్ నుంచి కాపాడదు. మిషన్‌తో పని చేసేవాడు ఏ తాడునైనా తెగే తాడే అనుకోవాలి.

పెద్ద తాడు వేసే పంగ ఎట్లా ఉందో చూడటంలో తొందర పడకు. పాలమూరు పిల్లలమర్రిలో 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగి పడింది. చెదలు లోపల తొలిచేశాయి, పైకి చూస్తే పచ్చగానే ఉంది. ఆ తర్వాత 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి చెట్టుకు చెదల మందు ఎక్కించారు. మన ఊళ్లలో చింతలకు, వేపలకు ఆ భాగ్యం లేదు. గీత కత్తి వెనక భాగంతో మొద్దును కొట్టి చూడు. గట్టి చప్పుడు కాకుండా డొల్ల చప్పుడు వస్తే, మొదట్లో పుట్టగొడుగులు కనిపిస్తే, బెరడు చేత్తో ఊడివస్తే, ఆ కొమ్మను నమ్మి కట్టుకోవద్దు. మునగ లాంటి పెళుసు చెట్లయితే అసలు ఎక్కకుండా నిచ్చెన, పొడుగు కర్ర రంపంతో పని కానిచ్చేయ్.

ఇక నీ మిషన్. 58 సీసీ, 22 అంగుళాల బార్, పెట్రోల్, చైన్ ఆయిల్ పోశాక దాదాపు ఏడు కిలోలు. నేల మీద మొద్దులు కోయడానికి బాగుంటుంది. చెట్టు మీద దాన్ని పట్టుకుంటే పదినిమిషాల్లో ముంజేతులు వణుకుతాయి, వణికే చేతులు బార్ ముక్కును ఎక్కడో ఒకచోట తగిలిస్తాయి. పైన వాడేది 35 సీసీ దరిదాపుల్లో, 12 లేదా 14 అంగుళాల బార్‌తో ఉండాలి. పైనే హ్యాండిల్ ఉండే చిన్న మిషన్లు చెట్టెక్కేవాళ్ల కోసమే చేస్తారు. కాకపోతే దాని హ్యాండిల్ ఒంటి చేత్తో పట్టుకోవడానికి ఎంత వీలుగా ఉంటుందంటే, రెండో చెయ్యి తీసేయాలని అనిపిస్తుంది. అక్కడే మోసపోతారు. చిన్న మిషన్‌కు కూడా రెండు చేతులే.

దానికన్నా ముందు మంచి వంపు రంపం ఒకటి కొనుక్కో, ఒరతో సహా నడుముకు కట్టుకో. మణికట్టు లావు లోపు కొమ్మలన్నీ దాంతో తెగుతాయి. ఇది నాసిరకం సలహా అనుకోకు. చేతి రంపంతో అయ్యే కొమ్మకు మిషన్ స్టార్ట్ చేయకపోవడమే ఈ పనిలో నేను అన్నిటికన్నా పైన పెట్టే అలవాటు. పెద్ద కొమ్మలు నాలుగైదే ఉంటాయి, మిగతాదంతా కంప.

మిషన్‌ను కిందే స్టార్ట్ చేసి వేడి చెయ్యి. చైన్ బ్రేక్ వేసి, మిషన్‌ను నేల మీద ఆనించి, గట్టిగా అదిమిపట్టి తాడు లాగాలి. మిషన్‌ను గాల్లో వదులుతూ తాడు లాగే స్టైల్ సినిమాల వరకే. స్లోలో ఉన్నప్పుడు చైన్ కదలకూడదు. కదులుతుంటే స్లో స్క్రూ సరిచేసేదాకా చెట్టు ఎక్కొద్దు. ఒకసారి రేస్ పెంచి మణికట్టుతో గార్డును ముందుకు తోసి చూడు: చైన్ టక్కున ఆగాలి. కాస్త జారి ఆగిందంటే బ్రేక్ పట్టీ అరిగింది. చైన్ పదును రంపపు పొట్టులోనే తెలుస్తుంది. పలుకులు పలుకులుగా వస్తే పదునుంది, గోధుమపిండిలా వస్తే మొద్దుబారింది. మొద్దుబారిన చైన్‌ను బలంగా నొక్కుతావు, నొక్కేటప్పుడే కిక్ కొడుతుంది. ఆకురాయి పెట్టేటప్పుడు పళ్ల ముందుండే చిన్న బొడిపెలను ఎక్కువగా అరగదీసి ‘బాగా కొరుకుతోంది’ అని మురిసిపోయేవాళ్లున్నారు. అట్లా చేస్తే కిక్ ఇంకా పెరుగుతుంది.

వేడెక్కాక ఆపి, బ్రేక్ వేసి, తాడుకు కట్టి పైకి పంపించమను. చేతిలో పట్టుకుని ఎక్కొద్దు. పైన దాన్ని హార్నెస్‌కు వేలాడదీసుకోవాలి. మనవాళ్లు ఇక్కడ గట్టి నైలాన్ తాడు కడతారు, మిషన్ పడిపోకూడదని. ఆలోచించు: సగం కోసిన కొమ్మ బార్‌ను బిగించి పట్టేసింది, అంతలో కొమ్మ విరిగింది, మిషన్‌తో పాటు కిందికి పోతోంది. నైలాన్ తాడు తెగదు, నీ నడుమునే లాగుతుంది. కాబట్టి మిషన్‌ను మోసేంత, పెద్ద లాగుడు వస్తే తెగిపోయేంత గట్టిదనమే ఆ తాడుకు ఉండాలి. దానికోసమే చేసిన పట్టీలు దొరుకుతాయి. మిషన్ పోతే పోనీ.

అన్నిటికన్నా ముఖ్యంగా ఒంటబట్టాల్సింది చైన్ బ్రేక్. రెండు చేతుల్లో ఏదైనా ఒకటి మిషన్ మీంచి తీయాలనుకున్నావా, తీయడానికి ముందే బ్రేక్ పడాలి. చెమట తుడుచుకోవాలన్నా, ఆకులు తప్పించాలన్నా, కింద ఉన్నవాడికి సైగ చేయాలన్నా సరే. చోటు మారాలంటే బ్రేక్‌తో ఆగకుండా ఇంజన్ కూడా ఆపెయ్. వారం రోజులు నేల మీద మొద్దులు కోస్తూ దీన్ని సాధన చెయ్, కోత అవగానే మణికట్టు తనంతట తనే గార్డును తోసేదాకా. అప్పుడు పైకి ఎక్కు. ఇంజన్ ఆన్ చేసే ముందు ప్రతిసారీ కళ్లతో తాడు వెంట పోవాలి: పెద్ద తాడు ఎటుంది, పొట్టి తాడు ఎటుంది, బార్ కొమ్మను దాటాక ఎక్కడికి వస్తుంది. తాడు ఉన్న వైపు మిషన్ నడవకూడదు.

కోసే పద్ధతిలో ఒకటి రెండు విషయాలు. లావు కొమ్మను ఒక్కసారిగా పై నుంచి కోస్తే, సగంలో బరువుకు చీలి మొద్దు దాకా బెరడు ఊడదీసుకుంటూ పోతుంది. ఆ చీలిక నీ మీదికి రావచ్చు, నీ పొట్టి తాడును మొద్దుకేసి నలపవచ్చు. మొద్దుకు ఒక అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు లోపే కోసి, దానికి కాస్త అవతల పై నుంచి కోస్తే కొమ్మ తుంచినట్టు పడిపోతుంది. మిగిలిన మోడును తర్వాత తీరిగ్గా, మొద్దు దగ్గర ఉబ్బెత్తుగా ఉండే కొమ్మ మొదలుకు బయటగా తీసెయ్. చేతికి పట్టేంత కొమ్మలకు ఇంకా మంచి పద్ధతి ఉంది. ఒక పక్క నుంచి సగానికి కాస్త ఎక్కువ, రెండు అంగుళాలు జరిగి రెండో పక్క నుంచి సగానికి కాస్త ఎక్కువ కోసి వదిలెయ్. కొమ్మ పడకుండా అట్లాగే నిలబడి ఉంటుంది. మిషన్ ఆపు, వేలాడదియ్యి, రెండు చేతులతో పట్టుకుని విరిచి నీకు కావలసిన వైపు వెయ్యి. నువ్వు ఇన్నాళ్లూ కొమ్మ పట్టుకుని కోస్తున్నది ఇంటి రేకుల మీద పడకూడదనే కదా. దానికి ఇదే జవాబు. బార్ పట్టేసిందంటే మాత్రం రేస్ ఇచ్చి గుంజకు. ఇంజన్ ఆపి, చేతి రంపంతో అవతల కోసి బరువు తగ్గించాక మిషన్ బయటికి తియ్.

కింద ఒక మనిషి ఉండాలి, కొమ్మలు గుంజేసే కూలి ఒక్కడే ఉంటే చాలదు. ఎక్కగలిగినవాడు, ఇంకో హార్నెస్, ఇంకో తాడు దగ్గర పెట్టుకున్నవాడు. పైన నీకు స్పృహ తప్పితే, 108 వచ్చినా వాళ్లు చెట్టెక్కరు. హార్నెస్‌లో కదలకుండా వేలాడుతున్న మనిషిని ఎక్కువసేపు అట్లా వదిలితే ప్రాణానికే ముప్పు. మీ గౌడన్నల్లో ఎక్కేవాళ్లకు కొదవ లేదు కాబట్టి నీకిది కష్టం కాదు, కూలి ఇవ్వడమే కష్టం. చెట్టు గుత్తకు మాట్లాడుకునేటప్పుడే రెండో మనిషి కూలి కలిపి చెప్పు. ‘పక్కూరాయన సగానికే చేస్తానన్నాడు’ అంటే, చేయించుకోమను.

నువ్వు పైనుంచి అరవాలి, కిందివాడు చోటు ఖాళీగా ఉందని తిరిగి అరవాలి, అప్పుడే కోత. జవాబు రాకపోతే కోయొద్దు. మేకలు మేపేవాళ్లు ఆకు కోసం చెట్టు కిందికే వస్తారు, వాళ్లను ఒకసారి వెళ్లగొడితే సరిపోదు.

తీగలు దగ్గరుంటే చెట్టెక్కకు. 11 కేవీ లైన్‌కు కొమ్మ తగలకపోయినా, బాగా దగ్గరికి వస్తే చాలు, కరెంటు దూకుతుంది. పచ్చి కొమ్మలో నీళ్లుంటాయి. లైన్‌మన్‌ను పిలిపించి, సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్‌లో కరెంటు ఆపించడం) తీసుకున్నాడని అతని నోటి నుంచే వినాలి. 1912కు ఫోన్ చేస్తే డిస్కం వాళ్లు మనిషిని పంపుతారు. ‘ఇప్పుడు కరెంటు పోయింది, గబగబా కొట్టెయ్’ అనే ఇంటాయన మాట మీద ఎక్కినవాళ్ల కథలు మన జిల్లాలో ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. కొమ్మలు కాక చెట్టే కొట్టమంటే వాల్టా చట్టం కింద అనుమతి కాగితం చూపించమను, లేకపోతే ఆ తలనొప్పి నీకే చుట్టుకుంటుంది.

లుంగీ, మెడలో తువ్వాల, చెప్పులు వద్దు. గదవ కింద పట్టీ ఉన్న హెల్మెట్, కళ్లద్దాలు, చెవులకు మఫ్లు, బూట్లు కావాలి. చైన్ తగిలితే పోగులు లాగి మిషన్‌ను ఆపేసే ప్యాంటు ఉంటుంది, ఖరీదే. మన ఎండల్లో ఉడికిపోతుంది కూడా. అందుకని ప్యాంటు మానకు, టైమ్ మార్చుకో. వేసవిలో పొద్దున ఆరింటికి ఎక్కి పదింటికల్లా దిగిపో. ఎక్కే ముందు చెట్టు చుట్టూ తిరిగి పెద్ద తేనెపట్టు ఉందేమో చూడు, ముఖ్యంగా రావి, మర్రి అయితే. మిషన్ చప్పుడుకు ఈగలు లేస్తే, రెండు తాళ్లు కట్టుకున్నవాడు వెంటనే దిగలేడు.

నెత్తురు ఆపే వెడల్పాటి కట్టు ఒకటి, కింద సంచిలో కాకుండా నీ హార్నెస్‌కే ఉండాలి. చైన్ కోసిన గాయం కత్తి గాయంలా నీటుగా ఉండదు, కండను చీల్చి లాగేస్తుంది. గాయం మీద గుడ్డ పెట్టి బలంగా, వదలకుండా నొక్కి పట్టాలి. మాటిమాటికీ తీసి చూడొద్దు. పసుపు, కాఫీ పొడి, బీడీ ఆకు వంటివి పోయొద్దని కిందివాడికి కూడా చెప్పి పెట్టు.

ఇక బ్యాటరీ మిషన్ సంగతి. నిజమే, చెట్టు మీద దానికి సుఖాలున్నాయి. తాడు గుంజి స్టార్ట్ చేసే పని లేదు, పొగ రాదు, చప్పుడు తక్కువ కాబట్టి కిందివాడి కేక వినపడుతుంది. కోత కోతకూ ఆపడం తేలిక కాబట్టి ఆపే అలవాటు కూడా త్వరగా వస్తుంది. కానీ చప్పుడు చేయని మిషన్ ఆగిందో, సిద్ధంగా ఉందో చూస్తే తెలియదు. స్విచ్‌కు చెయ్యి తగిలితే అదే వేగంతో తిరుగుతుంది. వేలాడదీసేటప్పుడు బ్రేక్ వెయ్యి, చైన్ ముట్టుకునే పని ఉంటే బ్యాటరీ ఊడదియ్యి. కిక్ దానికీ కొడుతుంది. మూడు వేలకో నాలుగు వేలకో ఆన్‌లైన్‌లో వచ్చే ఆరు అంగుళాల ఒంటి చేతి మిషన్లు మాత్రం కొనొద్దు. చాలావాటికి చైన్ బ్రేక్ ఉండదు, మళ్లీ నిన్ను ఒంటి చేతి అలవాటుకే దింపుతాయి. కొనే ముందు షాపులో ముందు గార్డును తోసి చూసి, బ్రేక్ పడితేనే బేరం మొదలుపెట్టు. 58 సీసీ మిషన్ అమ్మకు, కింద పడ్డ మొద్దులు కోయడానికి కిందివాడి చేతిలో అదే ఉండాలి. డబ్బులు సరిపోకపోతే మొదట హార్నెస్, రెండు తాళ్లు, చేతి రంపం కొను. చిన్న మిషన్ వచ్చే సీజన్‌కు కొనుక్కోవచ్చు, అప్పటిదాకా లావు కొమ్మలున్న చెట్లు ఒప్పుకోకు.